నాలుగో దీపం వెలిగిన ఆదివారం

ఇరవై రెండేళ్లుగా నాకు అన్నం పెడుతున్న సాంచె మీద ఒట్టు. తెగిన పోగు అతికే నా కుడిచేతి బొటనవేలి మీద ఒట్టు. మా ఇంటిదాని మీద కూడా ఒట్టు వేద్దామనుకున్నాను కానీ, నా మీద వెయ్యకు, నాకింకా చానా పనులున్నయ్ అంది. అందుకని రెండు ఒట్లతోనే సరిపెడుతున్నాను. కింద రాసిన ప్రతి మాటా నిజం.

ఇంత బందోబస్తు ఎందుకంటే, సూరత్ పక్క ఉధ్నాలో మేముండే గల్లీలో నా మాటకున్న విలువ అలాంటిది. ఉధ్నా అవతల సచిన్ అనే ఊళ్లో పనిచేసే రోజుల్లో నేను నేసిన చీర మీది నెమలి, రంగుల మిల్లులో తడవగానే అరిచిందని ఒకసారి చెప్పాను. జోల్వా నుంచి వచ్చే బస్సులో ఒక మేక కిటికీ పక్క సీటు కోసం నాతో తగువు పడిందనీ, కండక్టరు మేక పక్షమే మాట్లాడాడనీ చెప్పాను. విన్నవాళ్లు నవ్వారు, చాయ్ తాగించారు, ఇంటికెళ్లి పెళ్లాలకు చెప్పుకున్నారు. ఎవరికీ నష్టం లేదు. కానీ అలా ఇరవై ఏళ్లు నడిచాక, వాన పడుతోందని నేను చెప్పినా జనం గడప దాటి చెయ్యి చాపి చూసుకునేవారు.

కరోనా ఏడు మొదటి లాక్‌డౌన్ వచ్చి సాంచెలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. సాంచె అంటే కరెంటుతో నడిచే మగ్గం. మా గల్లీకి రెండు పక్కలా అవే. ఆ టకటకల్లోనే మేము తినడం, అరుచుకోవడం, కునుకు తీయడం. చప్పుడు ఆగిన మొదటి రోజు మధ్యాహ్నం భోంచేసి పడుకున్నవాళ్లంతా ఉలిక్కిపడి లేచి కూర్చున్నారు. నాలుగిళ్ల అవతల కుక్కరు ఎన్ని కూతలు వేసిందో మాకు తెలిసిపోయేది. మా ఇంటిది పని చేసుకుంటూ పాడుతుందన్న సంగతి పెళ్లయిన ఇరవై ఒకటో ఏట నాకు తెలిసింది.

నా చేతులు మాత్రం ఊరుకోలేదు. అన్నం ముందు కూర్చున్నా వేళ్లు వాటంతటవే ముడి వేస్తుండేవి. ఒకరోజు ఉప్మాలో రెండు సేమ్యా పోగులు అతికేశాను. చూపిద్దామని ఇంటిదాన్ని పిలిచేలోపు మా బిడ్డ వాటిని తినేసింది.

మా బిడ్డకు అప్పుడు పద్దెనిమిదేళ్లు. ఇక్కడే పుట్టి పెరిగింది. మాట తెలుగులో మొదలుపెట్టి, మధ్యలో హిందీలో తిట్టి, గుజరాతీలో ముగిస్తుంది. డిప్లొమా చదువు కోసం కొన్న పాత ల్యాప్‌టాప్ ఒకటి ఉండేది. కాలేజీ మూతపడ్డాక అందులో పాఠాలు సగం, ఒక ఆట సగం.

అందులో కాల్పుల్లేవు, కార్లు లేవు, గెలుపోటముల్లేవు. మంచు, వాన, ఎక్కడో చూరు నుంచి కారే నీటి చప్పుడు. మధ్యలో మూతపడిన పెద్ద బట్టల మిల్లు. ఆ మిల్లులో మనం ఆఖరి పనివాళ్లమట. మన ముఖం మనకు కనపడదు, రెండు చేతులు మాత్రం కనపడతాయి. గదులన్నీ తిరుగుతూ ఉండాలి. ఇందులో చేయాల్సిందేమిటని అడిగితే, ఏమీ లేదు, ఆ గాలి మనకు పట్టాలి అంది. మూతపడిన మిల్లు చుట్టూ ఊరికే తిరగడానికి ఆట ఎందుకమ్మా, గల్లీ చివరి దాకా నడిస్తే చాలదా అన్నాను. ఆమె నవ్వలేదు. అప్పుడు అర్థమైంది, ఇది గట్టి వ్యవహారమని.

విషయమేమిటంటే, ఆట మొదలయ్యేటప్పుడు మిల్లు గేటు కనపడుతుంది. గేటు మీద నాలుగు దీపాలు, నాలుగూ ఆరిపోయి ఉంటాయి. ఒక్కో ముగింపు చూసినప్పుడల్లా ఒక్కో దీపం వెలుగుతుంది. గేటు దాటి మంచులోకి వెళ్లిపోతే ఒకటి. పొగగొట్టం ఎక్కి, కింద ఊరంతా ఖాళీగా ఉండటం చూస్తే రెండోది. మెయిన్ స్విచ్ ఆపేసి చీకట్లో కూర్చుంటే మూడోది. మూడూ దిగులువే. నాలుగోది ఎవరికీ దొరకలేదు.

ఇలాంటి ఆటలు తయారుచేసేవాళ్లకు అదొక అలవాటట. అందరికీ కనపడే ముగింపు ఒకటి పెట్టి, దాని వెనకాల ఇంకొకటి దాస్తారట. ఎవరూ తిరిగి చూడని గదిలోనో, ఎవరూ చేయని పనిలోనో దాని తాళంచెవి ఉంటుందట. అది దొరికిన రోజు, అంతవరకూ చూసిన కథ మొత్తానికీ అర్థమే మారిపోతుందట. అది విన్నాక ఆ ఆట చేసినవాళ్ల మీద నాకు గౌరవం పుట్టింది. పైకి ఒక కథ చెప్పి, కింద ఇంకొకటి దాచిపెట్టడం నాకూ తెలిసిన విద్యే. కాకపోతే నేను దాచినవాటిని ఎవరూ వెతకలేదు.

నాలుగో దీపం వెతకడానికి ఒక గుంపు ఉండేది. పూణె నుంచి ఒకడు, ఇండోర్ నుంచి ఒకతె, ఇంకా ఎక్కడెక్కడి నుంచో పాతిక మంది పిల్లలు. ఎవరూ ఎవరినీ చూసింది లేదు, రోజంతా రాసుకోవడమే. మా బిడ్డ డిప్లొమా గ్రాఫు కాగితాల మీద ఆ మిల్లు నక్షా మొత్తం గీసి వాళ్లకు పంపింది. ఆ తర్వాత ఏ గది గురించి సందేహం వచ్చినా ముందు ఆమెనే అడిగేవారు. పది అడుగుల గదిలో నాతోనూ వాళ్లమ్మతోనూ ఇరుక్కుపోయిన పిల్లకు అదే కాలేజీ, అవే స్నేహాలు. అన్నం కలుపుకుంటూ కూడా మెసేజ్ చూసి నవ్వుకునేది. ఆ నవ్వు కోసమే నేను ఆ ఆట వైపు చూడటం మొదలుపెట్టాను.

చూస్తే ఏముంది, మిల్లు నడిమి హాల్లో సాంచెలున్నాయి. అన్నీ దుమ్ముకొట్టుకుపోయి, ఒక్కదాని మీద మాత్రం పడుగు ఎక్కించి ఉంది. పిడి లాగితే నడుస్తుంది. కాసేపటికి పోగు తెగి ఆగిపోతుంది. తెగినచోట నొక్కితే ఆ రెండు చేతులూ ముడి వేస్తాయి. మళ్లీ నడుస్తుంది. గుంపువాళ్లు దాన్ని ఒకట్రెండు సార్లు నడిపి చూసి, ఇది అలంకారానికి పెట్టింది, దీనితో పనిలేదు అని తేల్చేశారట.

ఎవరికి పనిలేదు? నెలన్నరగా సాంచె ముట్టనివాణ్ని. ఆ రోజు నుంచి మా బిడ్డ వాళ్లమ్మతో కూరగాయల లైనుకు వెళ్లినప్పుడల్లా నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని నేసేవాణ్ని. పక్క గదిలో వరసకు మామ అయ్యే ముసలాయన ఉండేవాడు. యాభై ఏళ్లు సాంచెల మీద నిలబడిన మనిషి. మూతికి తువ్వాలు కట్టుకుని గడప బయట నుంచే మెడ చాచి చూసి, పడుగు వదులుగా ఉంది, ముందు మెకానిక్కును పిలిపించు అన్నాడు. ఇది ఆట మామా అన్నాను. ఆటైతే మాత్రం పడుగు వదులుంటే ఎట్లా అని గొణుక్కుంటూ వెళ్లాడు.

మా బిడ్డ ఒకరోజు తిరిగొచ్చి చూసి నెత్తి కొట్టుకుంది.

"బాపూ, ఆటల ఎవ్వడన్న పని జేస్తడా? మిల్లంత తిరుగు, పైకెక్కు, ఏమన్న దేవులాడు. గిట్ల ఒక్కకాడనే నిలవడ్తే బోర్ నై హోతా?"

"బీము అయిపోనీ బిడ్డా, పోతా."

బీము అంటే పడుగు చుట్టి ఉండే దూలం. ఆటలో అది అయిపోయేది కాదని అప్పటికి నాకు తెలియదు.

ఒక గురువారం మధ్యాహ్నం ఆమె ల్యాప్‌టాప్ మూసేసి గోడవైపు తిరిగి కూర్చుంది. ఏమైందే అని గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. గుంపువాళ్లు వెతుకులాట ఆపేస్తున్నారట. నాలుగో దీపం ఆట చేసినవాళ్ల పొరపాటు, లేదంటే మనల్ని ఆడించడానికి పెట్టిన ఎర అని పూణెవాడు రాశాడట. ఇంకో ఆటకు పోదాం అంటున్నారట. ఆ కొత్త ఆట ఈ పాత ల్యాప్‌టాప్‌లో నడవదు. అంటే గుంపు వెళ్లిపోతుంది, ఈమె ఇక్కడే ఉండిపోతుంది.

అప్పుడు చెప్పాను, నాలుగోది నేను చూశానని.

నిన్న సాంచె నడుపుతుంటే మిల్లు సైరన్ మోగిందనీ, నేను కదల్లేదనీ, నేస్తూనే ఉన్నాననీ, కాసేపటికి మంచులోంచి భుజాన తువ్వాలుతో ఒక మనిషి వచ్చి నాకు ఎదురుగా నిలబడి సాంచె మీద చెయ్యి వేశాడనీ చెప్పాను. దీపం వెలిగిందా అని అడిగింది. అంతలో బ్యాటరీ అయిపోయిందన్నాను. ఆ ల్యాప్‌టాప్ బ్యాటరీ సంగతి ఆమెకూ తెలుసు.

"నీ నెమలి లెక్కనా, ఖరేఖర్ నిజంగ చూసినవా?"

"ఖరేఖర్."

నా కళ్లలోకి అంతసేపు చూడటం అదే మొదలు. తర్వాత గబగబా గుంపుకు రాసేసింది. వాళ్లు నవ్వారు. అంకుల్‌కు భోజనం చేశాక కునుకులో కనపడిందేమో అని ఇండోర్ పిల్ల రాసింది. మా బిడ్డకు రోషం నా పోలికే. ఆదివారం సాయంత్రం నాలుగింటికి మా బాపు అందరి ముందూ ఆడి చూపిస్తాడు, ఆ ముగింపు రాకపోతే గుంపులోంచి నేనే వెళ్లిపోతాను అని రాసి పెట్టేసింది. ఆ మాట నాకు చదివి వినిపించినప్పుడు నా నోట్లో ఉన్న ముద్ద మింగుడుపడటానికి రెండు గ్లాసుల నీళ్లు పట్టాయి.

శుక్రవారం ఇద్దరం కూర్చున్నాం. సాంచె నడిపాను, సైరన్ మోగింది, ఇద్దరం తెర మీద తలుపు వైపు కళ్లు పెట్టుకుని చూశాం. ఎవరూ రాలేదు. చూస్తూ చూస్తూ ఉండగా పోగు తెగి సాంచె ఆగిపోయింది. ఇప్పుడు ఏం చేసినవ్, అప్పుడు ఏం చేసినవ్ అని ఆమె కాగితం మీద రెండు వరసలు గీసి రాసుకోసాగింది. అప్పటి వరసలో నేను చెప్పింది పావుగంటకోసారి మారిపోయేది. శనివారమూ అంతే, పొద్దున నాలుగుసార్లు, మధ్యాహ్నం మూడుసార్లు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. తెరకు వేలిముద్రలు పడ్డాయేమో, అందుకే మనిషి కనపడటం లేదేమోనని తడిగుడ్డతో తుడిచింది. తిట్టినా బాగుండేది.

శనివారం సాయంత్రం ఆమె నీళ్లు పట్టడానికి వెళ్లినప్పుడు మా ఇంటిది బియ్యం కడుగుతూ అడిగింది.

"నిజం జెప్పయ్యా. చూసినవా, చూడలేదా?"

"చూసిన."

తల ఎత్తి నన్ను ఒకసారి చూసింది. మళ్లీ బియ్యంలోకి చూసింది.

"సరే. చూసినోనివైతే చూసినోని లెక్క కూసో. కార్ఖానాల గిట్లనే తలుపు దిక్కు సూసుకుంట కూసుంటవా? నీ రాత్రి పాళీ ఆయన ఒచ్చేదాంక ఏం జేస్తవ్? పని జేస్కుంట ఉంటవ్. ఆయన ఒచ్చినప్పుడు ఒస్తడు."

పాళీ సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. సూరత్‌లో పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం ఏడింటి దాకా ఒకరు, అక్కడి నుంచి పొద్దున దాకా ఇంకొకరు. సాంచెలు అవే. గడియారం ఏడు కొట్టినా, నడుస్తున్న సాంచెను వదిలి వెళ్లకూడదు. జోడీదారు రావాలి. అతను చెయ్యి వేశాకే మనం చెయ్యి తీయాలి. ఆలస్యమైతే ఆలస్యం, అరగంటైనా నేస్తూ ఉండాల్సిందే. నా జోడీదారు ఒడిశా మనిషి. పదకొండేళ్లలో మేము ఒకరినొకరం చూసుకున్నది పొద్దునా సాయంత్రం ఐదేసి నిమిషాలు. ఆ చప్పుడులో మాటలు వినపడవు గనక మాట్లాడుకున్నదీ తక్కువే. అయినా అతని చెయ్యి సాంచె మీద పడితే నా భుజాలు వాటంతటవే దిగేవి. ఆ వేసవిలో కూలీల కోసం వేసిన రైలెక్కి అతను ఊరికి వెళ్లిపోయాడు.

ఆదివారం వచ్చింది. నాలుగింటికి మా తెర మీద జరిగేదంతా వాళ్ల వాళ్ల ఇళ్లలో కనపడేలా మా బిడ్డ ఏదో చేసింది. ఇరవై ముగ్గురు చూస్తున్నారంది. పక్కగది మామ గడప బయట స్టూలు వేసుకున్నాడు. మా ఇంటిది చాయ్ పెట్టలేదు, నేను లేవకూడదని. చార్జరు వైరు ఊడిపోకుండా కాలితో నొక్కిపట్టి నిలబడింది.

పిడి లాగాను. సాంచె నడిచింది. తలుపు వైపు చూడకుండా పడుగు మీదే కళ్లు పెట్టాను. పోగు తెగింది, అతికాను. సైరన్ మోగింది. ఇక లేవమనండి అంకుల్‌ను అని ఎవరో రాశారట. లేవలేదు. ఐదు నిమిషాలు. మా బిడ్డ మొదట్లో మెసేజ్‌లు పైకి చదువుతూ ఉండేది, తర్వాత చదవడం మానేసింది. ఇద్దరు వెళ్లిపోయారు. పోగు తెగింది, అతికాను. మళ్లీ తెగింది, మళ్లీ అతికాను. ఎనిమిది నిమిషాలు దాటాక ఒక చిత్రం జరిగింది. నేను ఆదివారాన్ని మరిచిపోయాను. గుంపును మరిచిపోయాను. పక్కన కూర్చున్న పిల్ల చేతివేళ్లు విరుచుకుంటున్నదీ మరిచిపోయాను. ఇంకో మూర నేస్తే బాగుండు అనుకున్నాను, అంతే.

తడి నేల మీద అడుగుల చప్పుడు.

"ఒచ్చిండు," అన్నాడు మామ స్టూలు మీంచి లేచి.

వచ్చింది మగమనిషి కాదు, ఒక ముసలమ్మ. చేతిలో లాంతరు, జుట్టంతా వానకు తడిసి ఉంది. తొందరేమీ లేకుండా నడిచొచ్చి, లాంతరును మేకుకు తగిలించి, సాంచెకు అవతలి పక్క నిలబడి చెయ్యి వేసింది. తెర మీద నా రెండు చేతులూ నేను ఏమీ నొక్కకుండానే పైకి లేచాయి. తర్వాత నేను బయటికి నడుస్తున్నాను. నా వెనక ఆ సాంచె నడుస్తోంది. దాని పక్కది మొదలైంది. దాని పక్కది. వరస వరసంతా. మిల్లు మొత్తం. గేటు దగ్గరికి వచ్చేసరికి నాలుగు దీపాలూ వెలిగి ఉన్నాయి.

మా బిడ్డ శబ్దం చివరిదాకా పెంచేసింది. రెండు నెలల తర్వాత మా గదిలోంచి గల్లీలోకి సాంచెల చప్పుడు వెళ్లింది. తలుపులు తెరుచుకున్నాయి. కార్ఖానాలు తెరిచారనుకుని ఒకాయన గడ్డం మీద సబ్బు నురగతోనే పరుగెత్తుకొచ్చాడు. ఒకావిడ మొగుడి టిఫిన్ డబ్బా కడగడానికి కూర్చుందట. పక్కగది మామ, ఆ చప్పుడు నా గదిలోంచే అని కళ్లారా చూసి కూడా, బనీను మీద చొక్కా తొడుక్కోవడానికి ఇంట్లోకి నడిచాడు.

ల్యాప్‌టాప్‌లో గుంపు పిచ్చెత్తిపోయింది. వెళ్లిపోయిన ఇద్దరూ తిరిగొచ్చారు. పూణెవాడు క్షమించమని రాశాడు. ఒక తెలివైన పిల్ల మాత్రం, అంకుల్ చెప్పింది తువ్వాలు వేసుకున్న మగమనిషి కదా, లాంతరుతో ముసలావిడ ఎలా వచ్చింది అని అడిగింది. ఆ రోజు కళ్లద్దాలు పెట్టుకోలేదని రాయమన్నాను. నాకు కళ్లద్దాలు లేవని వాళ్లకేం తెలుసు.

తర్వాత మూడు రోజులు అర్థాల మీద చర్చ. ఆ ముసలమ్మ చావు అని ఒకరు. ఆ పనివాడి తల్లి అని ఒకరు. మిల్లు కట్టినప్పటి మొదటి కార్మికురాలు, కాలం వెనక్కి తిరిగింది అని ఇంకొకరు పెద్ద వ్యాసమే రాశారు. మా బిడ్డ రాసింది నాకు అన్నిటికన్నా నచ్చింది. మిల్లు అసలు మూతపడనే లేదు, మొదటి మూడు ముగింపుల్లో మనం సాంచెను ఎవరికీ అప్పగించకుండా వెళ్లిపోయాం, అందుకే మనకు ఊరంతా ఖాళీగా కనపడింది అని. నా అభిప్రాయం కూడా అడిగారు. పాళీ మారింది, అంతే అన్నాను. దాన్ని వాళ్లు గొప్ప మాట కింద తీసుకుని, నాలుగో దీపానికి దారి చెబుతూ మా బిడ్డ రాసిన కాగితం మీద అన్నిటికన్నా పైన పెట్టారు. గుంపు ఇంకో ఆటకు వెళ్లలేదు. అందరి ల్యాప్‌టాప్‌లలో నడిచే ఆటే ఎంచుకోవాలని తీర్మానం చేసుకున్నారట.

ఇక ఒప్పుకోవాల్సింది ఒకటుంది. రెండు ఒట్లు వేశాను, బొటనవేలు నాకింకా కావాలి.

గురువారం నేను చెప్పింది అబద్ధం. భుజాన తువ్వాలు మనిషి రాలేదు. బ్యాటరీ అయిపోలేదు. ముందురోజు సైరన్ మోగగానే ఆట వదిలేసి లేచాను, చాయ్‌కి పిలుపు వచ్చింది మరి. గోడవైపు తిరిగిన పిల్లను చూడలేక నోటికి వచ్చింది చెప్పాను. నోటికి ఎవరు వస్తారు, ఆ రోజుల్లో నేను ఎవరి కోసం చూస్తున్నానో అతనే వచ్చాడు, ఒడిశా నుంచి నేరుగా ఆ మిల్లులోకి. ఆట చేసినవాళ్లు ఏ చలిదేశం వాళ్లో నాకు తెలియదు. వాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు ఎవరి కోసమో సాంచె దగ్గర నిలబడి ఉంటారు. మిగతాదంతా, ఆ ముసలమ్మతో సహా, జరిగింది జరిగినట్టు రాశాను.

ముందురోజు, బిడ్డ నీళ్లు పట్టడానికి వెళ్లినప్పుడు, ఆ చాయ్‌కి పిలిచింది మా ఇంటిదే. అంటే నేను ఏమీ చూడలేదని శనివారం బియ్యం కడిగేటప్పటికే ఆమెకు తెలుసు. తెలిసీ ఎట్లా కూర్చోవాలో చెప్పింది. ఈ సంగతి ఆమె నాతో ఇప్పటిదాకా అనలేదు, నేనూ అడగలేదు.

మా బిడ్డకు మాత్రం ఇంకా తెలియదు. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది, రోజుకు అర పేజీ. ఇక్కడిదాకా రావడానికి ఆమెకు వారం పడుతుంది. అప్పటిదాకా నేను నిజం చెప్పేవాణ్నే.